లియోటా కప్పిన దుప్పటి

మే నెలాఖరున, సమాధులకు పూలు పెట్టే సోమవారం, డెబ్బై ఏళ్ళ లియోటా పొద్దున్నే మాంసం పులుసు పొయ్యి మీద పడేసి, ఎర్ర దుప్పటి చంకనెట్టుకుని హామినీ ఊరి శ్మశానానికి బయల్దేరింది.

అక్కడ ఆమె అమ్మమ్మ సెలెస్టీ, తాత హార్లన్ ఒకే రాయి కింద ఉన్నారు. సెలెస్టీ అమెరికా మూలవాసులైన ఓసేజ్ తెగ పిల్ల, తెగ నేలలో పడిన చమురులో వాటా ఉన్న పిల్ల. ఆ వాటా కోసమే తెల్లవాడు హార్లన్ ఆమెను కట్టుకున్నాడు. మందులో రోజూ కాస్త విషం కలిపి, ఇరవై ఆరేళ్ళకే సాగనంపాడు. కాగితాల్లో మాత్రం క్షయ అని రాశారు. ఆనాటి నర్సు తన ఆఖరి రోజుల్లో ఈ సంగతి లియోటా వాళ్ళమ్మ చెవిన వేసింది. ఆవిడ దాన్ని కడుపులో పెట్టుకుని, ఏటా ఇద్దరికీ పూలు పెట్టింది. ఎంతైనా తండ్రి కదా. పోయేముందు మాత్రం కూతురికి చెప్పేసింది.

అప్పట్నుంచీ లియోటాది ఒకటే పట్టు. అమ్మమ్మ పక్కన వాడి పేరు ఉండకూడదు. శ్మశానం ఆఫీసులో అడిగితే స్థలం హార్లన్‌ది, ఇప్పుడు ఆర్వెల్ పేరున ఉంది, అతని సంతకం తెమ్మన్నారు. ఆర్వెల్ హార్లన్ రెండో పెళ్ళాం కూతురి కొడుకు, లియోటాకి తమ్ముడి వరస. వెళ్ళి అడిగితే కసురుకోలేదు, కాఫీ కూడా పోశాడు. తాత తనని ఒళ్ళో కూర్చోబెట్టుకుని పిప్పరమెంట్లు పెట్టేవాడన్నాడు. సంతకం మాత్రం పెట్టలేదు.

చెరపనివ్వకపోతే కప్పేస్తాననుకుంది. అమ్మమ్మ పక్కన పాతగుడ్డ బాగుండదని, కొత్త దుప్పటి కొని అంచుకి మూడు నెలలు రిబ్బను కుట్టింది.

ఇప్పుడు దాన్ని హార్లన్ పేరు మీద పరిచి, అంచుల మీద రాళ్ళు పెట్టింది. సెలెస్టీ పేరొక్కటే మిగిలింది. లియోటాకి ఊపిరాడింది.

పూలు పెట్టడానికి వచ్చినవాళ్ళు ఆగి చూశారు. ఓ పెద్దాయన టోపీ తీశాడు. అప్పుడు తట్టింది ఆమెకి. ఓసేజ్ వాళ్ళలో నలుగురి ముందూ దుప్పటి కప్పారంటే అంతకు మించిన మర్యాద లేదు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ చూస్తున్నదే, కోపంలో మరిచింది.

పక్కింటి వెర్నా మూతి తిప్పింది. "నా మొగుడు పోయినప్పుడు తువ్వాలైనా కప్పలేదు ఈవిడ."

ఆర్వెల్ కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. "క్షమించావన్నమాట అక్కా."

"పేరు కనబడకూడదని కప్పానురా."

"ఊరుకో. మనసులో లేకుండానే ఇంత రిబ్బను కుట్టావా?"

కప్పినవాళ్ళు దుప్పటి వెనక్కి తీసుకునే ఆనవాయితీ లేదు. మధ్యాహ్నం లియోటా ఇంట్లో అందరూ పులుసు తిని, ఆమెది పెద్ద మనసన్నారు. ఆమె వడ్డిస్తూనే ఉంది.

సాయంత్రం మళ్ళీ వెళ్ళి చూసింది. ఎండకి వెలిసిపోతుందని ఆర్వెల్ దుప్పటిని మడిచి ఇంటికి పట్టుకెళ్ళాడట, తాత ఫోటో దగ్గర పెట్టుకోవడానికి. రాయి మీద రెండు పేర్లూ ఎప్పటిలాగే ఉన్నాయి. ఈసారి పూలు హార్లన్ వైపే ఎక్కువ ఉన్నాయి.