వంగకూడని తోలు

కాకినాడలో బస్సు దిగినప్పుడు పొద్దున్న ఆరున్నర. సన్నని వాన. నా సామాను ఒక నల్ల ట్రంకు పెట్టె, ఒక బెడ్డింగు, భుజానికి కిట్ బ్యాగు. తీసుకెళ్లడానికి వచ్చిన ట్రక్కు డ్రైవరు నా ఆర్డరు కాగితం చూసి, “మీది ఏ ఊరండి?” అన్నాడు. పాలకొల్లు దగ్గర అన్నాను. “అయితే ఇంటికొచ్చేశారన్న మాట,” అన్నాడు. నిజమే. మంచులో రెండుసార్లు, ఎడారిలో ఒకసారి నిలబెట్టి, ఆఖరికి తెచ్చి ఇంటి పక్కన వదిలిపెట్టారు.

సైన్యంలో రిటైరైన వాళ్లను కొందరిని మళ్లీ తీసుకుని రక్షణ శాఖ స్థలాలకు కాపలా పెడతారు. నేను హవల్దారుగా రిటైరై అలా రెండోసారి యూనిఫాం వేసుకున్నాను. మా డిపో ఎక్కడో, అందులో ఏముందో చెప్పను. సముద్రం దగ్గర. మూడు వైపులా గోడ, నాలుగో వైపు మట్టి గట్టు. గట్టు అవతల పాయ, పాయ అవతల మడ చెట్లు. రెండు కాపలా టవర్లు. పాయలో పోటు వస్తే నీళ్లు గట్టు అంచుకు వచ్చేవి, పాటుకు బురద తేలేది. ఎవరూ మామీద కాల్చలేదు. కాల్చాల్సిన అవసరం మాకూ రాలేదు. కథ చెప్పమని అడిగేవాళ్లు ఈ మాట విని నిరుత్సాహపడతారు.

అక్కడ మా బాధంతా ఉప్పుగాలి. బెల్టు బకిల్ నెలలో పచ్చబడేది. బూటుకు రెండు రోజులు పాలిష్ పెట్టకపోతే తెల్లగా బూజు. రైఫిల్‌కు రోజూ నూనె గుడ్డ. మా కమాండరు సుబేదార్ సాబ్ గఢ్వాల్ కొండల మనిషి. ఆయనకు ఆ ఉక్క ఒక పట్టాన అలవాటు కాలేదు. మాట తక్కువ, కోపం ఇంకా తక్కువ. మా ఇద్దరి మాటలూ హిందీలోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

వచ్చిన నెలకే ఆయన నన్ను పిలిచారు. నా రైఫిల్ పట్టీ తెగితే నేనే కుట్టుకున్నాను. ఆ కుట్టు మీద వేలు పెట్టి చూశారు.

“ఎవరు కుట్టారు?”

“నేనే సాబ్.”

“ఎక్కడ నేర్చుకున్నావు?”

“నేర్చుకోలేదు సాబ్. చిన్నప్పుడు మా మేనత్త కుడుతుంటే చూశాను.”

ఆయన తన హోల్‌స్టర్ విప్పి బల్ల మీద పెట్టారు. నడుముకు కట్టుకునే పిస్టల్ తొడుగు అది. గుడ్డది. అడుగు చీకిపోయింది, మూత గుండీ ఊడిపోయింది. పిస్టల్‌ను బెల్టుకు కట్టి ఉంచే తాడు కొక్కెం కూడా తుప్పు తిని విరిగింది. కొత్తవి కావాలని రెండుసార్లు రాశారు. రాలేదు.

“నాకింక ఎనిమిది నెలలు,” అన్నారు. “ముప్పై ఏళ్లలో నా కాగితం మీద ఒక్క మచ్చ లేదు. పిస్టల్ జారిపోతే ఒక్క రోజులో అన్నీ పోతాయి. తోలుతో ఒకటి చెయ్యి.”

సైన్యంలో ఆయుధం పోగొట్టుకోవడం అంటే ఏమిటో బయటివాళ్లకు చెప్పడం కష్టం. మనిషి పోతే దండ వేస్తారు. పిస్టల్ పోతే విచారణ వేస్తారు. సరే సాబ్ అన్నాను. అని బయటికొచ్చాక భయమేసింది.

మా తాతది తోలు పని. మా నాన్న చదువుకుని బడి పంతులయ్యారు. ఆ తర్వాత తాత పనిముట్లు మా ఇంట్లో కనపడనివ్వలేదు. వాటిని నాన్న అక్క, మా మేనత్త, మొగల్తూరు పట్టుకుపోయింది. మావయ్య పోయాక చాలా ఏళ్లు చెప్పులు కుట్టే బతికింది. నాన్న ఉన్నన్నాళ్లూ ఆవిడ మా ఇంటికి వస్తే చేతులు రెండుసార్లు కడుక్కుని లోపలికి వచ్చేది. అది నాకు అప్పట్లో మామూలుగానే అనిపించింది.

నాకు బయటికి వెళ్లే అనుమతి ఆదివారాలే. పిస్టల్ కోత్‌లోంచి, అంటే ఆయుధాల గదిలోంచి, డిపో దాటి కదలకూడదు. అందుకని కాగితం మీద దాని చుట్టూ గీత గీసుకుని, మా వంటవాడి చేత వేప చెక్కతో అచ్చం అలాంటిది చెక్కించాను. వాడు పూర్వం ఇంజనీరు రెజిమెంట్‌లో వడ్రంగి పని చేసినవాడు. దాన్ని తువాలులో చుట్టుకుని మొగల్తూరుకు బస్సెక్కాను. అమలాపురంలో తువాలు జారింది. పక్క సీటు పెద్దాయన చూసి నెమ్మదిగా లేచి వెనక సీటుకు వెళ్లి కూర్చున్నారు. చెక్కదండీ అని చూపిస్తే ఇంకా అనుమానపడ్డారు.

అత్తయ్య చర్చి నుంచి అప్పుడే వచ్చింది. తెల్ల చీర, చేతిలో బైబిలు. నేను విషయం చెప్పాను. చెక్క పిస్టల్ తిప్పి తిప్పి చూసి నవ్వింది.

“మీ నాన్న ఉంటే నిన్నూ నన్నూ గుమ్మంలోనే ఆపేసేవోడురా,” అంది.

“ఇప్పుడు లేరుగా అత్తయ్యా. చేసిపెట్టు.”

“నేనా? ఆదివారం నేను ఆరె, తోలు ముట్టుకోను. పెళ్లయిన కాడి నుంచీ ముట్టుకోలేదు. నువ్వంటే సర్కారోడివి, నీకు చెల్లుద్ది. కూర్చో. నేను చెప్తా, నువ్వు కుట్టు.”

అలా మొదలైంది నా చదువు. ఆవిడ నులకమంచం మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. నేను నేల మీద. ఆరె అంటే తోలుకు రంధ్రం పొడిచే సూదిమొన పనిముట్టు. పిడి తాతదే. చెప్పు అడుగుకు వాడే దళసరి గేదె తోలు ఆవిడ ఇంట్లోనే మిగిలి ఉంది. రాతి పలక మీద పరిచి కోశాను. రంధ్రాలన్నీ ముందే ఒకే ఎడంలో పొడవాలి. దారానికి మైనం పట్టించాలి. ఒకే దారం, రెండు కొసలకూ రెండు సూదులు, రెండూ ఒకే రంధ్రంలోంచి ఎదురెదురుగా రావాలి. ఒక కుట్టు తెగినా పక్క కుట్టు నిలబడుతుంది. నా వేళ్లు మాత్రం నిలబడలేదు. సాయంత్రానికి మూడు చోట్ల నెత్తురు.

కుట్టు పూర్తయ్యాక చెక్క పిస్టల్ దూరిస్తే సగంలో ఆగిపోయింది. నేను గీత మీదే కోశాను. అత్తయ్య కాసేపు చూసి, “నాదే తప్పురా,” అంది. “చెప్పుకి కాలు చుట్టూ గీసి కోత్తాం కదా, అదే చెప్పా. చెప్పులో కాలు పైనుంటది. ఇందులో తుపాకీ లోపలుంటది.”

తర్వాతి ఆదివారం దళసరికి చోటు వదిలి రెండోది కోశాను. అంచుల మధ్య సన్నని తోలు పట్టీ ఒకటి పెట్టి కుట్టాను. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, చెక్క పిస్టల్ పెట్టి, ఎముక పిడితో చుట్టూ నొక్కాను. నొక్కిన చోటల్లా తోలు పిస్టల్ ఆకారం పట్టింది. ట్రిగ్గర్ దగ్గర పల్లం, గొట్టం దగ్గర ఉబ్బు. నీడన ఆరబెడితే గట్టిగా, గుల్లలా నిలబడింది. తలకిందులు చేసి ఊపాను. చెక్క జారలేదు. అంత సంతోషం నాకు హవల్దారు పట్టీలు వచ్చిన రోజున కూడా లేదు.

“బూజు పడుతుందేమో అత్తయ్యా, మా దగ్గర ఉప్పుగాలి.”

“ఆముదం పట్టించరా. తోలుకి ఆముదం పట్టాలి. తాగినంత పట్టించు.”

అవును, తాత చెప్పులన్నీ ఆముదంలో ఊరినవే. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు నేను వారానికి రెండుసార్లు పట్టించాను. బూజు దగ్గరికి రాలేదు. సుబేదార్ సాబ్ రోజూ కట్టుకునేవారు. “మెత్తగా ఉంది, నడుముకు ఒరుసుకోవడం లేదు,” అని ఒకసారి మెచ్చుకున్నారు కూడా. మెత్తగా ఉంది అన్నప్పుడే నాకు తెలియాల్సింది.

దీపావళి వెళ్లాక తుపాను వచ్చింది. పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. పొద్దున్న ఎనిమిదింటికి పాయ గట్టు ఒకచోట కోసుకుంది. ఎనిమిది మందిమి ఇసుక బస్తాలు మోశాం. మోకాలి పైకి నీళ్లు, కింద బురద, మొహం మీద వాన కంకర్రాళ్లలా కొడుతోంది. సుబేదార్ సాబ్ మాతోపాటే వంగి బస్తాలు ఎత్తారు. గండి పూడింది. టవరు దగ్గరికి వచ్చాక ఆయన చెయ్యి నడుము మీదికి వెళ్లింది. అక్కడే ఉండిపోయింది.

హోల్‌స్టర్ ఉంది. నోరు వెడల్పుగా తెరుచుకుని, తడి గుడ్డలా వేలాడుతోంది. లోపల ఏమీ లేదు.

ఆయన నా దగ్గరున్న వాకీటాకీ తీసుకున్నారు.

“కంట్రోల్, నా పిస్టల్ పడిపోయింది. గేట్లు మూయించు. హెడ్‌క్వార్టర్‌కు ఇప్పుడే చెప్పు.”

రేడియో ఆపరేటరు ఊరు కడియం. తెలివైనవాడు. ఆయనకు సరే సాబ్ అని, వెంటనే నాతో తెలుగులో అన్నాడు: “ఒక్క గంట ఎతుకుదామండి. చెప్పేసేక ఎనక్కి తీసుకోలేం కదండి.”

నేను సాబ్‌కు ఆ మాట చెప్పాను. నేనూ అదే అనుకుంటున్నానని కూడా చెప్పాను.

“గంట తర్వాత దొరికినా నేను గంటసేపు అబద్ధమాడినట్టే,” అన్నారు. “ఇప్పుడే చెప్పమను.”

చెప్పాడు.

పోటు రావడానికి ఇంకా రెండు గంటలు. అది వస్తే గండి మళ్లీ తెగినా తెగుతుంది, తెగితే పిస్టల్ పాయలోకి పోతుంది. నీళ్లు కాఫీ రంగు. కంటికి ఏమీ కనపడదు. ఎవరికి వాళ్లు చేతులతో దేవడం మొదలుపెట్టారు. అలా అయితే దొరకదు. మా వైపు ఊడ్పుల్లో ఆడవాళ్లు తాడు పట్టుకుని వరసలో నాటుతారు. ఒక్క జానెడు నేల వదలరు. నేను బూట్లు విప్పించాను. తాడు తెప్పించి ఎనిమిది మందినీ దాని వెంట, భుజానికి భుజం తగిలేలా నిలబెట్టాను. పాదం ఎత్తకూడదు, జరపాలి. అందరూ చూసుకున్నామన్నాకే తాడు జానెడు ముందుకు. సుబేదార్ సాబ్ కూడా వరసలో నిలబడ్డారు. కొండ మనిషి. బురదలో పాదం జరపడం ఆయనకు చేతకాలేదు. రెండుసార్లు పడ్డారు. ఎవరూ నవ్వలేదు. నేను లోపల ప్రార్థన చేసుకుంటున్నాను. పిస్టల్ కోసం కాదు, ఆ మనిషి కోసం.

తాడు గట్టు కింద మలుపు దాటింది. నా ఎడమ పక్కన వంటవాడు ఆగిపోయాడు.

“కాలి కింద ఉంది,” అన్నాడు. “తియ్యమంటారా?”

సుబేదార్ సాబ్ వచ్చి, నీళ్లలోకి భుజం దాకా వంగి, తనే తీసుకున్నారు. మ్యాగజీన్ బయటికి లాగి తూటాలు లెక్క చూశారు. సరిపోయాయి.

రెండు రోజులకు విచారణకు అధికారి వచ్చారు. హోల్‌స్టర్ సర్కారుది కాదేమని అడిగారు. నేను చేశానని, ఆముదం నేనే పట్టించానని చెప్పాను. సుబేదార్ సాబ్ నన్ను పూర్తిగా చెప్పనివ్వలేదు.

“చెయ్యమని ఆర్డరు నాది. కట్టుకున్నది నేను,” అన్నారు.

పిస్టల్ దొరికింది, వెంటనే రిపోర్టు చేశారు, అందుకని పెద్ద శిక్ష పడలేదు. లిఖితపూర్వక మందలింపు. ముప్పై ఏళ్లలో మొదటిది, చివరిది. చదివి, సంతకం పెట్టి, టోపీ సర్దుకుని బయటికొచ్చారు.

ఆ తర్వాత ఆయనకు ఒక అలవాటు పడింది. నాలుగడుగులకోసారి కుడి చెయ్యి నడుము తడిమేది. పరేడ్‌లో, మెస్‌లో, టీ తాగుతూ కూడా. పిస్టల్ కోత్‌లో జమ చేసి వచ్చాక కూడా చెయ్యి వెళ్లేది. ఏమీ తగలక ఒక్క క్షణం బెదిరేది.

నేను నాలుగు రోజులు సెలవు పెట్టి మొగల్తూరు వెళ్లాను. సోమవారం. అత్తయ్య ఆ హోల్‌స్టర్‌ను మొదటిసారి చేతిలోకి తీసుకుంది. రెండు వేళ్ల మధ్య నలిపింది. మొహం మారిపోయింది.

“ఇది వంగకూడని తోలా?” అంది. “మనకు తెలిసిందంతా వంగాల్సిన తోలేరా. కాలితోపాటు వంగాలి, లేకపోతే కరుత్తది, అందుకే ఆముదం. నేను ఒక్కసారి ముట్టుకునుంటే తెలిసేది.”

“ఆదివారం కదా అత్తయ్యా.”

“ఆదివారమే,” అంది. కళ్లు తుడుచుకుంది.

మూడోది ఇద్దరం కలిసి చేశాం. నూనె చుక్క లేదు. ఎండలో వేడెక్కించి పైపైన మైనం రుద్దాం, అంతే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అని నాకు తెలుసు. అప్పటికి సర్కారు వాళ్ల కొత్త హోల్‌స్టర్ కూడా వచ్చేసింది. ఇది పెట్టెలో ఉండిపోయింది.

సుబేదార్ సాబ్ రిటైరై వెళ్లే రోజు సామర్లకోట స్టేషన్‌కు సామాను మోసుకుంటూ నేను వెళ్లాను. ప్యాంటు, గళ్ల చొక్కా. ఆ బట్టల్లో ఆయనను చూడటం అదే మొదటిసారి. ప్లాట్‌ఫాం మీద కూడా ఆ చెయ్యి నడుము తడుముతూనే ఉంది. నేను మూడోది తీసి ఇచ్చాను. ఆయన వేలితో కొట్టి చూశారు. చెక్క చప్పుడు వచ్చింది.

“ఇప్పుడు ఇందులో ఏం పెట్టుకోను?”

ఆయన బెల్టు విప్పి, దాన్ని ఎక్కించుకుని, మళ్లీ బిగించారు. రైలెక్కారు.

నేనూ ఆ మరుసటి ఏడాది యూనిఫాం అప్పగించి మా ఊళ్లో బస్సు దిగాను. జనం మంచు గురించి అడుగుతారు, సరిహద్దు గురించి అడుగుతారు. చెప్తాను. చెప్తున్నంతసేపూ నాకు కనిపించేది మాత్రం సామర్లకోటలో కదిలిపోతున్న రైలు గుమ్మం. అందులో గళ్ల చొక్కా మనిషి. ఆయన కుడి చెయ్యి నడుము మీదికి వెళ్లింది. తోలు తగిలింది. చెయ్యి అక్కడే ఆగింది. ప్లాట్‌ఫాం దాటేవరకూ చూశాను. మళ్లీ కదల్లేదు.