ముత్తయ్య బావ రాగి కడాయి

నిన్న తోంగ్‌పాల్ సంతలో ఉండగా ఫోన్ వచ్చింది. ముత్తయ్య పోయాడని.

"ఏ ముత్తయ్య?" అని అడిగాను. నాకున్నది ఒక్కడే ముత్తయ్య. మా మేనత్త కొడుకు. మా అక్కను చేసుకున్నాడు.

నాకు మాటలు తక్కువ. ఊరి బడి చదువు. తప్పులుంటే సర్దుకోండి.

ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇంకా వస్తోంది.

మిరప నారు కుళ్లకుండా ఏటా మైలుతుత్తం నీళ్లలో సున్నం కలిపి పోస్తాం. బావ ఆ తుత్తాన్ని ఇనుప కడాయిలోనే కరిగించేవాడు. బస్తర్‌లో రాజుగారి పాలన ఉన్నప్పుడు వాళ్ల నాన్న జగదల్‌పూర్ బజారులో కొన్న కడాయి. తుత్తం నీళ్లు పడితే లోపలంతా ఎర్రబడేది.

అది మొదటిసారి చూసినప్పుడు మేం పిల్లలం.

"పోస్తా ఉండు కొడకా. నువ్వు ముసలోడివయ్యే సరికి మొత్తం రాగి అయితది" అన్నాడు మామ, నవ్వుతూ.

వేళాకోళం. బావ నమ్మేశాడు.
జీవితాంతం!

పంటల సలహాలిచ్చే గ్రామసేవక్ సారు వచ్చి చెప్పాడు. నీళ్లలోని రాగి బయటికొచ్చి ఇనుముకు అంటుకుంటుంది, ఇనుము కరిగి నీళ్లలోకి పోతుంది, ఇక ఆ నీళ్లలో మందు ఏం మిగులుతుంది అని. ప్లాస్టిక్ డ్రమ్మో మట్టి కుండో వాడమన్నాడు.

వింటేనా?

ఒకసారి అక్క వెండి కడియం తుత్తం నీళ్లలో ముంచి చూపించాను. "చూడు బావా, దీనికేం కాలే. నీ కడాయే కరుగుతోంది."

"వెండికి పొగరు బామ్మర్దీ. ఇనుము మనలాంటిది, చెప్పిన మాట వింటది."

"నీ తలకాయ వింటది. అడుగు చూడు, చిల్లులు!"

చిల్లులకు లక్క పెట్టాడు. నారు సగం కుళ్లింది. మరుసటి ఏడు మళ్లీ అదే కడాయి.

ఎన్నేళ్లు అరిచాను. ఇప్పుడు ఎవరి మీద అరవాలి?

ఈ ఏటి నారు ఇంకా మడిలోనే ఉంది. కుళ్లు మొదలైంది. మైల కదా, ఇంట్లోవాళ్లు పనిలో దిగకూడదు. నారు ఆగదు. ఈ పొద్దు నేనే వెళ్లాను.

గుమ్మంలో కూర్చున్న అక్క అంది, "కడాయిలోనే కలుపురా తమ్ముడూ. మీ బావకు కోపమొస్తది."

ఏందక్కా, నువ్వు కూడానా?

కుండలోనే కలిపాను. నారు బతకాలి.

సున్నం వేయకముందు మాత్రం కాసిన్ని తుత్తం నీళ్లు కడాయిలో పోసి అక్క ముందు పెట్టాను. లక్క పెట్టిన చోట్లు తప్ప అంతా ఎర్రబడింది.

ఇంకొంచెం రాగి అయింది బావా.

ఇక నీతో ఎవరూ కొట్లాడరు. నెమ్మదిగా పడుకో.