ఎలుగుబంటికి మామ గొంతు

ఆ రోజుల్లో మాకు నవ్వుకు కరువుగా ఉండేది. పోలీసు చర్య ముగిసి, సూర్యాపేటలో జనం పొద్దుగూకాక మళ్లీ బయట తిరగడం మొదలుపెట్టిన కాలం. ఎవడైనా కాస్త నవ్విస్తే చాలు, వాణ్ని నెత్తిన పెట్టుకునేవాళ్లు. నన్ను కూడా ఒక సాయంత్రం అట్లాగే పెట్టుకున్నారు. అది గుర్తొస్తే ఇంత వయసొచ్చాక కూడా, గదిలో ఎవరూ లేకపోయినా సరే, దుప్పటి ముఖం మీదికి లాక్కుంటాను.

నన్ను పెంచింది మా మేనమామ. బడిపంతులు. ఊళ్లో సగం మంది ఆయన చేత దెబ్బలు తిన్నవాళ్లే (మిగతా సగం బడి మొహం చూడనివాళ్లు). ఎవరేం చెప్పబోయినా చెయ్యి అడ్డం పెట్టి, "జర ఆగు, ముచ్చట తెల్వనీ" అనేవాడు. పిల్లలు కొట్టుకుంటున్నా అదే మాట, అత్త బియ్యం నిండుకున్నాయన్నా అదే మాట. ఆ మాట అన్నాక నిజంగానే అందరూ ఆగేవాళ్లు. మనిషి చూస్తే ఇంతే ఉంటాడు, ఆయన బలమంతా ఆ మాటలోనే ఉండేది.

నా చిన్నప్పుడు మామ పట్నంలో పాత పుస్తకాల అంగడి నుంచి ఒక ఇంగ్లిషు పుస్తకం తెచ్చాడు. పిల్లల కథ. అందులో జంతువులన్నీ మాట్లాడతాయి. బడిలో చదువంతా ఉర్దూ, పుస్తకమేమో ఇంగ్లిషు, వినే నాకు వచ్చింది తెలుగు ఒక్కటే. అందుకని రోజూ అన్నాల వేళకు ఆయనే తెలుగు చేసి చెప్పేవాడు. మామకు వేరే గొంతు పెట్టడం రాదు కాబట్టి అడవి అడవంతా మామ గొంతుతోనే మాట్లాడేది. అందులో ముసలి ఎలుగుబంటి అంటే నాకు ప్రాణం. చివర్లో పులి మీద పడబోతే పిల్ల జంతువులన్నిటినీ వెనకేసుకుని ఒంటరిగా ఎదురు నిలబడుతుంది. అక్కడికి రాగానే మామ చెయ్యి అడ్డం పెట్టి, "జర ఆగు పెద్దపులీ, ముచ్చట తెల్వనీ" అనేవాడు. నాకు ఒళ్లు జలదరించేది. ఆ మాట పుస్తకంలో లేదని చాలా ఏళ్లకు గాని తెలియలేదు.

నేను మెట్రిక్ గట్టెక్కి ఖాళీగా తిరుగుతున్న రోజుల్లో టూరింగ్ టాకీసు వచ్చి గుడారం వేసింది. వాళ్లు తెచ్చిన ఇంగ్లిషు సినిమా ఏదో కాదు, సరిగ్గా మా పుస్తకం కథే. ఇంగ్లిషు సినిమా ఆడితే తెర పక్కన ఒకడు రేకు బాకా పట్టుకుని కథ తెలుగులో చెప్పడం అప్పటి రివాజు. ఆ చెప్పేవాడు మిర్యాలగూడలో జ్వరంతో పడిపోయాడట. టెంటు యజమానిది కోదాడ. నన్ను వెతుక్కుంటూ వచ్చి, "ఏం బాబూ, కథ నీకు తెలుసంటగా? నాలుగు ముక్కలు చెప్పు చాలు, జనం లేచి పోకుండా చూడు" అన్నాడు. తెలుసా అంటే? నేను ఆ ఎలుగుబంటి ఒళ్లో పెరిగినవాణ్ని!

మామను పిలిచి ముందు వరసలో కుర్చీ వేయించాను. అత్త ఆడవాళ్ల వైపు, అడ్డంగా కట్టిన పరదా అవతల కూర్చుంది. తెర మీద ఎలుగుబంటి రాగానే బాకా ఎత్తి, మామ గొంతు దింపేశాను. అది ఆయనకు నేను చేసే మర్యాద అనుకున్నాను, ఒట్టు. గుడారంలో ఎవడో "అరే, గిది మన సారు గొంతురో!" అని అరిచాడు. జనం చప్పట్లు కొట్టారు. మామ కూడా మీసాల్లో నవ్వుకున్నాడు.

సినిమావాళ్లు కథ మార్చారని నాకేం తెలుసు? ముందుగా చూసిన పాపాన పోలేదు. పులి వచ్చింది. నేను ఛాతీ పొంగించి, "జర ఆగు పెద్దపులీ, ముచ్చట తెల్వనీ!" అన్నాను. తెర మీద ఎలుగుబంటి వెనక్కి తిరిగి, పిల్లలను తొక్కుకుంటూ ఉరికి, చెట్టెక్కి కూర్చుంది. నవ్వించడానికని దాన్ని పిరికిదాన్ని చేసి పెట్టారు మహానుభావులు. గుడారం ఊగిపోయేలా నవ్వారు. అప్పుడే గొంతు మార్చేయాల్సింది. మార్చలేదు. ఆ నవ్వు నా తలకెక్కింది. కొమ్మ మీద వణుకుతున్న ఎలుగు చేత, "ఏమే, నా పొడుం డబ్బీ ఏడ పెట్టినవే?" అనిపించాను. అది మామ పొద్దున లేస్తూనే అత్తను అడిగే మాట. ఆడవాళ్ల వైపు నుంచి అత్త నవ్వే గట్టిగా వినిపించి, మధ్యలో తెగిపోయింది. ఆట అయ్యాక చూస్తే ముందు కుర్చీ ఖాళీగా ఉంది.

మర్నాడు బడిలో మామ అడుగు పెట్టగానే పిల్లలంతా "జర ఆగు పెద్దపులీ" అని రాగం తీశారట. బెత్తం ఎత్తకుండా పాఠం చెప్పి వచ్చాడట. ఇంట్లో అన్నం దగ్గర అత్త ఏదో చెబుతుంటే అలవాటుగా చెయ్యెత్తి, "జర..." అని, ఆగిపోయి, చెయ్యి దించి అన్నం కలుపుకున్నాడు. కాసేపటికి నా వైపు చూడకుండానే అడిగాడు.

"పుస్తకంల ఎలుగు నిలవడ్డది గదరా?"

"నిలవడ్డది మామా. సినిమావోళ్లు మార్చిండ్రు."

"వాళ్లు మారిస్తే మార్చనీ. వాళ్లకు నేనెవరు? బాకా నీ చేతుల ఉండె. నువ్వెందుకు ఉరికిచ్చినవ్ రా నన్ను?"

ఆ సాయంత్రం ఆటకు ఎలుగు ఉరుకుతుంటే, నేను బాకాలో "ఉరుకుతలేదు! పులి జాడ సూసెతందుకు చెట్టెక్కుతున్నది!" అని గొంతు చించుకున్నాను. జనం ఈలలు వేసి, నిన్నటి సారు గొంతు కావాలని గోల చేశారు. యజమాని నా చేతిలో బాకా లాక్కుని, "నువ్వేంటి బాబూ, కళ్ల ముందు పరిగెత్తేదాన్ని పరిగెత్తట్లేదంటావు! ఇంక దయచెయ్యి" అన్నాడు. నేను పడిన ఆ కాస్త తంటా వినడానికి మామ అక్కడ లేడు. ఇంటికి పోయి చెప్పడానికి నాకు సిగ్గేసింది. తర్వాత ఆయన నాతో మామూలుగానే ఉన్నాడు, నా పెళ్లి కూడా చేశాడు. కాని ఆ మాట మాత్రం ఆయన నోట మళ్లీ వినలేదు. ఎవరైనా కొట్టుకుంటుంటే దూరం నుంచి చూసి పక్కకు తప్పుకునేవాడు.

మొన్న మనవరాలు టీవీ ముందు కూర్చోబెట్టింది. అదే కథ, కొత్తగా, రంగుల్లో తీశారు. ఇప్పుడు బాకా అక్కర్లేదు, జంతువులే చక్కని తెలుగు మాట్లాడుతున్నాయి. పులి వచ్చే ఘట్టం దగ్గర లేచి పోదామనుకున్నాను, మోకాళ్లు సహకరించలేదు. పులి వచ్చింది. ఎలుగుబంటి పిల్లలను వెనకేసుకుంది. నిలబడింది! నాకు తెలియకుండానే చెయ్యి అడ్డంగా లేచింది.

"జర ఆగు పెద్దపులీ, ముచ్చట తెల్వనీ!"

మనవరాలు తిరిగి చూసింది. "తాతా, ఎలుగు అట్ల అనలేదు."

"అన్నది బిడ్డా," అన్నాను, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ. "నీకు వినపడలే."