రెండు చుక్కల చిరునామా

ఆసుపత్రి మెయిల్ సర్వర్ చూసుకునే ఆయన్ని అందరూ చిటపటల మామయ్య అంటారు. కోపంతో బాది బాది ఏడాదికి మూడు కీబోర్డులు అరగదీస్తాడు. ఆయన బల్ల మీద టీ చల్లారదని కూడా చెప్పుకుంటారు. చిరునామాలో రెండు చుక్కలు పక్కపక్కన ఉంటే నిబంధనలకు విరుద్ధమని ఆయన సర్వర్ ఆ మెయిళ్లను పక్కన పడేస్తుంది. ఒకరోజు ఒకావిడ నేరుగా ఆయన గదిలోకే వచ్చింది.

"మా అమ్మ ఆపరేషన్ తేదీ కోసం నాలుగుసార్లు రాశాను. ఉలుకూ పలుకూ లేదు."

"మీ చిరునామా చెల్లదమ్మా. మార్చుకోమని నాలుగుసార్లూ జవాబిచ్చాను."

"ఏ చిరునామాకి ఇచ్చారు?"

ఆయన గబుక్కున కంప్యూటర్ వైపు తిరిగాడు. తెర మీద వెతికాడు. రెండు చుక్కలున్నాయని ఆ జవాబుల్నీ సర్వరే ఆపేసింది.

"ఏ వెధవ పెట్టాడీ నిబంధన?" అని అరిచాడు. పెట్టింది తనే. మెడ దాకా ఎర్రబడి, టకటకా ఆ నిబంధన తీసేశాడు. ఆపరేషన్ల విభాగానికి ఫోన్ చేసి, తేదీ చెప్పేదాకా పెట్టనని కేకలేసి, గురువారం ఉదయానికి ఖాయం చేయించాడు.

అప్పుడే ఆవిడ ఫోను వరసగా నాలుగుసార్లు మోగింది. ఆగిపోయిన జవాబులు ఇప్పుడు కదిలాయి.

"అవి చదవకండమ్మా," అన్నాడాయన, మొదటిసారి గొంతు తగ్గించి.