పెద్దమ్మ చూసిన ప్రళయం

మా పెద్దమ్మ పోయింది. పొద్దున్నే అన్న ఫోన్ చేసి, "అమ్మ లేదు చెల్లె" అని పెట్టేశాడు. ముందురోజు సాయంత్రమే దవాఖానలో చూసి వచ్చాను. జ్వరం తగ్గిందనీ, ఇంటికి పంపిస్తామనీ చెప్పారు. మంచం మీద కూర్చుని, "జర టీవీ పెట్టు బిడ్డా, సినిమ టైమైంది" అని నర్సును సతాయిస్తున్న మనిషి తెల్లారేసరికి లేదంటే నాకు ఏడుపుకంటే ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఇంకా తగ్గలేదు.

మీలో చాలామందికి ఆమె తెలియదు. జహీరాబాద్‌లో మ్యాట్నీలు చూసినవాళ్లకు మాత్రం ఆమె గొంతు తెలిసే ఉంటుంది. తెర మీది మనుషులతో మాట్లాడేది ఆమే. కోహీర్ దగ్గర కొంచెం చెలక భూమి ఉండేది. అన్న ట్రాక్టర్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు కాబట్టి కాపురం జహీరాబాద్‌లో. పొద్దున బస్సెక్కి చేనుకు పోయి, కొత్త సినిమా పడిందంటే అటునుంచి అటే హాలుకు వచ్చేది. కాళ్లకు మట్టి అలాగే ఉండేది. ప్రేమకథలు ఆమెకు పడవు. "వాళ్ల లొల్లి వాళ్లు సూస్కుంటరు, నడుమ మనమెందుకు" అనేది. భూకంపాలు, తుఫానులు, కొండలు పగలడాలు అంటే మాత్రం ముందు వరుసలో కూర్చునేది.

పోయిన ఏడాది అలాంటిదే ఒక పెద్ద సినిమా తెలుగులోకి వచ్చింది. కోట్లకు కోట్లు కుమ్మరించి లోకాన్ని ముంచేశారు. పెద్దమ్మ, మా వదిన, నేను కలిసి వెళ్లాం. వదినది కోస్తా. పెళ్లయి వచ్చిన కొత్తలో అత్తాకోడళ్లకు ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేది. ఇద్దరినీ కలిపినవి సినిమాలే. వంటింట్లో పెద్దమ్మ జొన్నరొట్టె కొట్టడం నేర్పుతూ కథ చెబుతుంటే, వదిన వింటూ రొట్టె విరగ్గొట్టేది. "కత ఇంటె ఇను, చెయ్యి ఆపకు" అని మళ్లీ ముద్ద చేతిలో పెట్టేది పెద్దమ్మ.

ఆ సినిమాలో సముద్రం ఊళ్ల మీద పడింది. మేడలు పేకముక్కల్లా కూలాయి. చివరికి ఒక మహానౌక. అందులోకి ఎంపిక చేసినవాళ్లు ఎక్కారు, బొమ్మలు ఎక్కాయి, బంగారు చట్రాల పటాలు ఎక్కాయి. హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తుంటే పెద్దమ్మ లేచి నిలబడింది.

"అరే, గంత పెద్ద పడవల ఒక్క ఇత్తనం బుట్ట లేదేందిరా! నీళ్లు తీసినంక దిగి ఏం తింటరు? పటాలు తింటరా?"

జనం విరగబడి నవ్వారు. వెనకనుంచి ఒకాయన, "కూసో అవ్వా, మేనేజర్‌కు చెప్పి తెప్పిస్తం" అన్నాడు. మేమూ నవ్వాం. ఆమె నవ్వలేదు. సినిమా అయ్యాక బజ్జీలు కూడా వద్దంది. ఏ సినిమాకైనా దారి పొడుగునా తీర్పులు చెప్పే మనిషి ఆటోలో అంత మౌనంగా ఉండటం చూసి నాకు భయమేసింది.

తర్వాత చాలా రోజులు ఆ దిగులు ఆమెను వదల్లేదు. చాయ్ తాగుతూ తాగుతూ ఆగిపోయేది. ఒకరోజు నాతో అంది: "గా సినిమల లెక్క అంత ఒక్కసారి మునిగితే అందరికి ఎరుకైతది. మెల్లమెల్లగ పోతే ఎవలకు ఎరుకైతది బిడ్డా?"

ఆమె దిగులు దేని గురించో చెప్పాలి. పెద్దమ్మ ఒక ఎర్రజొన్న వేసేది. ఆమె అత్తకు అత్త కూడా అదే వేసిందట. చుట్టూ చెరకు, అల్లం, పత్తి వచ్చాక ఊళ్లో అందరూ దాన్ని వదిలేశారు. పెద్దమ్మ వదల్లేదు. కోతకు ముందు చేనంతా తిరిగి మంచి కంకులు తనే ఏరేది. గింజలను బూడిద, వేపాకులతో కలిపి వెదురుబుట్టలో పోసి, పైన పేడ, మట్టి కలిపి మూత మెత్తేది. మళ్లీ విత్తే రోజున బుట్టకు మొక్కి గాని మూత పగలగొట్టేది కాదు. ఇంట్లో గింజ లేని రోజుల్లో కూడా పక్కింట్లో అడుక్కొచ్చి వండారు గాని ఆ బుట్ట విప్పలేదని గొప్పగా చెప్పేది.

ఆమె కాక ఆ జొన్న వేసేది ఇంకొక్కరే, రాయికోడ్ దగ్గర ఉండే ఆమె స్నేహితురాలు. మేం చిన్నమ్మ అంటాం. నిరుడు చిన్నమ్మ చేనంతా అడవిపందుల పాలైంది. విత్తనానికి కూడా గింజ మిగల్లేదు. "ఫికర్ జెయ్యకు, నా బుట్టల ఇద్దరికి సరిపోను ఉన్నది" అని పెద్దమ్మ మాటిచ్చింది.

మా వైపు మూడోనాడు పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి, దూరంగా నిలబడి కాకి కోసం చూస్తారు. కాకి ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని లెక్క. ఆ రోజు నేను వెళ్లేసరికే వంటలయ్యాయి. విస్తరిలో ఎర్రటి జొన్నరొట్టెలు పెట్టాం. ఇలా పెట్టామో లేదో కాకులు వాలాయి. అందరి ముఖాలు తేటపడ్డాయి. "ఏ కోరికా మిగల్లేదు తల్లికి" అన్నాడు అన్న, కళ్లు తుడుచుకుంటూ. తర్వాత మేమూ తిన్నాం. చాలా బాగున్నాయి. వదిన రొట్టెలు విరగలేదు.

తింటూ తింటూ చిన్నమ్మ అడిగింది: "ఇత్తనం బుట్ట యాడున్నది బిడ్డా? పోయేటప్పుడు జరంత కట్టుకపోత. మీ అత్త ఇస్తనన్నది."

"ఏ బుట్టండీ?" అంది వదిన. "అటక మీద మట్టి మెత్తి ఉన్నదేనా? అవే కదండీ, బూడిద చెరిగి పిండి పట్టించాను. సంచిలో జొన్నలు అయిపోయాయి. ఆవిడకి ఆ రొట్టెలంటే ప్రాణం కదా, అందుకే అంత జాగ్రత్తగా దాచుకున్నారనుకున్నాను."

"అన్ని పట్టించినవా?"

"చుట్టాలు చాలామంది వచ్చారని... అన్నీనండీ."

చిన్నమ్మ చేతిలో సగం రొట్టె ఉంది. దాన్ని కింద పెట్టలేదు, నోట్లోనూ పెట్టుకోలేదు. అవి విత్తనాలని, ఇంకెక్కడా లేవని నేను చెప్పాక వదిన గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

వదినను ఎవరూ ఏమీ అనలేదు. అనడానికి ఏముంది? వాళ్ల పుట్టింట్లో విత్తనం షాపులోంచి ప్యాకెట్లలో వస్తుంది. నాకు పెద్దమ్మ మీదే కోపం వచ్చింది. చూసిన సినిమాలన్నీ పూసగుచ్చినట్టు చెప్పే మనిషి, ఆ బుట్టలో ఏముందో కోడలికి ఒక్క ముక్క చెప్పలేదు. "అది నా బుట్ట, ముట్టకు" అన్నదట, అంతే. తాను పోతే ఏమవుతుందన్న సంగతి, లోకమంతా మునగడం గురించి అంత ఆలోచించిన మనిషికి తట్టనే లేదు. ఇలా రాస్తుంటే కూడా ఆమెతో పోట్లాడాలనే ఉంది. పోట్లాడటానికి మనిషి లేదు.

చివరికి వదినే లేచింది. ఖాళీ బుట్టను ఎండలోకి తెచ్చి, కొంగులోంచి పిన్నీసు తీసి, వెదురు సందుల్లో ఎండిన మట్టిని గీకడం మొదలుపెట్టింది. ఏడుస్తూనే గీకింది. చిన్నమ్మ పక్కన కూర్చుని అరచెయ్యి పట్టింది. మట్టి పెళ్లలతో పాటు ఎక్కడో ఒక ఎర్రగింజ రాలేది. కొన్ని పురుగు తిన్నవి, కొన్ని పిన్నీసు తగిలి చిట్లినవి. బాగున్నవి ఒక పిడికిట్లోకి కూడా రాలేదు.

"నువ్వేం జేస్తవు బిడ్డా, పానం పెట్టి వండినవు" అంది చిన్నమ్మ, వదిన తల నిమిరి. అవి మొలుస్తాయో లేదో చెప్పకుండానే కొంగున ముడేసుకుంది.

సాయంత్రం ఆమెను బస్టాండుకు తీసుకెళ్లాను. రాయికోడ్ బస్సు కిక్కిరిసి ఉంది. సీటు దొరకలేదు. కదిలిన బస్సు కుదుపుకు ఆమె తూలింది. "రాడ్ పట్టుకో అవ్వా, పడ్తవు!" అని కండక్టర్ అరిచాడు. ఒక చెయ్యి పైకెత్తి పట్టుకుంది. రెండో చేతిని కొంగు ముడి మీదినుంచి తియ్యలేదు. బస్సు మలుపు తిరిగేదాకా కిటికీలోంచి నాకు ఆ చెయ్యే కనిపించింది.