కళ్ళు మూసుకున్న లైల్ టకెట్

ఎమిల్ హుడాక్ తాతకు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఒహాయో రాష్ట్రంలో ఏ ఊళ్ళో పాత బేస్‌బాల్ కార్డుల కొట్టు కనబడినా లోపలికి వెళ్ళి, లైల్ టకెట్ అనే ఆటగాడి కార్డు ఉందా అని అడుగుతాడు. ఒకటుంటే ఒకటి, పదుంటే పదీ కొంటాడు. ఇంకెవరి కార్డు ఊరికే ఇస్తానన్నా ముట్టుకోడు. లైల్ టకెట్‌కు జీవితం మొత్తం మీద వచ్చింది ఒకే కార్డు, 1973లో. అంటే తాత ఆరేళ్ళుగా ఒకే బొమ్మను కొంటున్నాడన్నమాట.

ఆ బొమ్మ కూడా గొప్పదేం కాదు. ఫొటో తీసేవాడు మీట నొక్కిన క్షణానికే లైల్ రెప్ప వేశాడు. చేతికి, గొంతుక్కూర్చుని బంతి పట్టే క్యాచర్ల గ్లవ్ తొడుక్కుని, వెనక ఇంత నీలాకాశం పెట్టుకుని, నిలబడి నిద్రపోతున్నట్టుంటాడు. కార్డు వెనక ఆటల లెక్కలుండాలి. ఆయన ఆడింది ఇరవై తొమ్మిది ఆటలే కాబట్టి చోటు మిగిలిపోయింది. కంపెనీవాళ్ళు అక్కడ "లైల్‌కు పంది మాంసం చాప్స్ అంటే ఇష్టం" అని అచ్చేసి ఖాళీ నింపారు.

తాతను ఈ కొట్లకు తిప్పే పని మనవరాలు కొరీన్‌ది. పక్కింటి మెయిలు పెట్టెను కారుతో రెండుసార్లు గుద్దాక తాత లైసెన్సును ప్రభుత్వం తీసేసుకుంది. కొరీన్‌కు ఇరవై నాలుగేళ్ళు. వారమంతా టైర్ల షాపులో పని, శనివారం తాతకు డ్రైవరు. కాలేజీలో రెండుసార్లు చేరి మూడుసార్లు మానేసిందని మామ్మ వెర్నా అంటుంది. ఆ లెక్క ఎలా కుదిరిందో కొరీన్‌కు కూడా తెలియదు.

మాన్స్‌ఫీల్డ్‌లో బట్టలుతికే మెషీన్ల షాపు పక్కన వెండెల్ కొట్టుంది. వెండెల్ లావుపాటి మంచి మనిషి. కార్డును అంచులతో పట్టుకుని, దాని మీద ఊపిరి పడకుండా తల పక్కకు తిప్పుకుని మాట్లాడతాడు.

"హుడాక్ గారూ, ఇవాళ 1956 సరుకొచ్చిందండీ. మూలలు చూడండి, వేలికి గుచ్చుకుంటాయి."

"నాకు గుచ్చుకునేవి వద్దు వెండెల్. వాడున్నాడా?"

"ఉన్నాడండీ. పది సెంట్ల పెట్టెలో, ఎప్పటిలాగే."

తాత భూతద్దం తీసేవాడు. మూలలు అరిగినా, మధ్యలో మడత పడినా, ఎవరో చిన్నప్పుడు సైకిలు చక్రంలో పెట్టి టపటపలాడించినా పట్టించుకునేవాడు కాదు. లైల్ భుజం పైన ఆకాశం మాత్రం శుభ్రంగా ఉండాలి.

"ఇది వద్దు. ఆకాశం మీద మరక ఉంది."

"పది సెంట్ల కార్డండీ అది. ఆకాశం కూడా చూస్తారా?"

"పది సెంట్లంటే ఊరికే వస్తాయా?"

ఒకసారి ఎవరో ముసలాయన పోతే ఆయన సామానుతో పాటు రబ్బరు బ్యాండు వేసిన కట్ట ఒకటి కొట్టుకు వచ్చింది. అరవై రెండు లైల్ టకెట్లు. తాత జేబులోంచి ఒక కార్డు తీశాడు. ఇరవై ఏళ్ళు బంతి విసిరి, ప్రసిద్ధుల జాబితాకెక్కిన పిచ్చర్ కార్డది. తాత పదేళ్ళ వయసులో బబుల్‌గమ్‌తో పాటు వచ్చింది.

"దీనికి అది మారుస్తావా?"

వెండెల్ ముఖం తెల్లబోయింది. "హుడాక్ గారూ, నేను చర్చికి వెళ్ళేవాణ్ణి. మీ కార్డు ఖరీదెంతో తెలుసా?"

"తెలుసు. కుదరదంటే చెప్పు, వెళ్ళిపోతాను."

గంటసేపు బేరం సాగింది. అమ్మేవాడు ధర తగ్గిస్తుంటే కొనేవాడు పెంచుతున్న బేరం ఆ కొట్లో అదొక్కటే. చివరికి వెండెల్ అరవై రెండు కార్డులూ ఇచ్చి, పైన నాలుగొందల డాలర్లు బలవంతాన చొక్కా జేబులో కుక్కాడు. తాత ఆ నాలుగొందలకూ తపాలా బిళ్ళలు కొన్నాడు.

"ఇప్పుడు స్టాంపుల పిచ్చి కూడా పట్టిందా?" అంది మామ్మ.

"అవసరానికుంటాయని."

"పెళ్ళయి యాభై రెండేళ్ళయింది, నాకొక్క ఉత్తరం రాయలేదు. నీకు స్టాంపులేం అవసరమయ్యా?"

తాత బేస్‌మెంటులోకి వెళ్ళిపోయాడు. అక్కడ తాళం వేసిన ఇనప పెట్టె ఉంది. కొన్న లైల్ టకెట్లన్నీ చివరికి అందులోకే వెళతాయని మామ్మ నమ్మకం.

కార్డుల కొట్టయ్యాక డోనట్ల కొట్టుకు వెళ్ళాలి. అదీ ప్రతివారం వేరే ఊళ్ళో. ఒకవారం గేలియన్, ఇంకోవారం వూస్టర్, ఇంకోవారం మేరియన్. ఒక్క డోనట్ కోసం నలభై మైళ్ళు. తాత సగం తిని, సగం కొరీన్‌కిచ్చి, "కాసేపు గాలికి తిరిగొస్తా" అని బయటికి పోయేవాడు. డోనట్ల ఆవిడ ఆయన చేతిలో ఏదో కవరు పెట్టడం కొరీన్ ఒకటి రెండు చోట్ల చూసింది.

"తాతా, ఊరికొక చిన్న మామ్మను పెట్టావా? మామ్మతో చెప్పనా?"

"చెప్పు. ఎవరో ఒకరు నన్నింకా చూస్తున్నారని సంతోషిస్తుంది."

ఒక శనివారం వెండెల్ కొట్లో తాత బాత్రూముకు వెళ్ళినప్పుడు వెండెల్ కౌంటరు మీదుగా వంగాడు. "కొరీన్, నిజం చెప్పు. మీ తాత ఆ కార్డులెందుకు కొంటున్నాడు?"

కొరీన్‌కు తెలియదు. అయితే తెలియదని ఒప్పుకోవడం ఆమె ఒంట్లో లేదు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"నేను చెప్పానని చెప్పకు. కళ్ళు చూడు."

"మూసే ఉన్నాయిగా?"

"అన్ని కార్డుల్లోనూనా?"

అంతే అంది. అంతకన్నా ఒక్క ముక్క అనలేదు. కారులో ఇంటికెళ్ళేదాకా తనలో తను నవ్వుకుంది.

పాత కార్డులవాళ్ళకు అచ్చుతప్పును మించిన నిధి లేదు. వెయ్యి కార్డులు సరిగా అచ్చయి ఒక్కటి తప్పుగా అచ్చయితే, ఆ ఒక్కదానికోసం ఇల్లు తాకట్టు పెట్టేవాళ్ళున్నారు. వారం తిరిగేసరికి లైల్ టకెట్ పది సెంట్ల పెట్టెలోంచి లేచి, గట్టి ప్లాస్టిక్ తొడుగు తొడుక్కుని, అద్దాల బీరువాలో కూర్చున్నాడు. ధర ఐదు డాలర్లు. మరుసటి వారం పదిహేను. కళ్ళు తెరిచిన లైల్ టకెట్ ఉన్నాడన్న మాట వూస్టర్‌కు, మేరియన్‌కు పాకింది. మూడువేల డాలర్లకు టొలీడోలో ఒకటి అమ్ముడైందని ఒకాయన చెప్పాడు. తను చూడలేదట, బావమరిది చూశాడట. వెండెల్ కొట్లో ఐదుగురు పెద్దమనుషులు పక్కపక్కన నిలబడి భూతద్దాలతో లైల్ రెప్పలు పరిశీలిస్తుంటే కంటి ఆసుపత్రిలా ఉంది.

"ఎడమది కొంచెం తెరిచినట్టు లేదూ?"

"అది దుమ్మండీ. ఊదండి."

తాత వచ్చి, "వాడున్నాడా?" అన్నాడు.

"ఉన్నాడండీ. నలభై డాలర్లు."

తాత భూతద్దం జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు. ఆ రోజు డోనట్లకు వెళదామనలేదు. తర్వాత రెండు వారాలు కొత్త ఊళ్ళు తిరిగారు. ఏ పెట్టెలోనూ లైల్ లేడు. ఉన్నచోట అందనంత ఎత్తులో ఉన్నాడు. మూడో శనివారం తాత కారెక్కనే లేదు.

మామ్మ బింగో ఆటకు వెళ్ళిన మధ్యాహ్నం కొరీన్ ఆయన్ని వెతుక్కుంటూ వస్తే వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ముందు కాగితాలు, కవర్లు, స్టాంపులు, ఒక్కటే లైల్ టకెట్. కుడిచేతి వాటం మనిషి, ఎడమ చేత్తో రంగు క్రేయాన్ పట్టుకుని నాలుక బయటపెట్టి ఏదో రాస్తున్నాడు.

కొరీన్ వంగి చదివింది. "టకెట్ గారికి. నా పేరు టోబీ. నాకు తొమ్మిదేళ్ళు. నేను కూడా క్యాచర్‌ని. మీరు చాప్స్‌లో ఆపిల్ సాస్ వేసుకుంటారా? దయచేసి ఈ కార్డు మీద సంతకం పెట్టి పంపండి."

"టోబీ ఎవరు తాతా?"

తాత క్రేయాన్ కింద పెట్టాడు. "నేనే."

తర్వాత ఇంకేం దాచలేదు. ఆరేళ్ళ కిందట కొలంబస్‌లో ఒక మాల్‌లో కార్డుల సంత జరిగింది. పెద్ద ఆటగాడి సంతకం కోసం ఎస్కలేటరు దాకా వరస. పక్క బల్ల దగ్గర లైల్ టకెట్. సంతకం ఉచితమని బోర్డు పెట్టుకున్నా ఒక్కడూ వెళ్ళలేదు.

"పెన్నులు వరసగా పేర్చుకుంటున్నాడే. పేర్చి, చెరిపి, మళ్ళీ పేరుస్తున్నాడు. చూడలేక వెళ్ళాను. నా పేరడిగాడు, మా ఊరడిగాడు, మీ మామ్మ వంటేమిటో అడిగాడు. పూర్వం ఉత్తరాలొచ్చేవట. భార్య కూడా పోయింది. ఇప్పుడు పోస్ట్‌మాన్ దూరం నుంచే చెయ్యి ఊపి వెళ్ళిపోతున్నాడన్నాడు."

"అందుకని నువ్వు రాశావు."

"ఒక మనిషి ఎన్ని రాస్తాడు? మూడోదానికి పిచ్చోడనుకుంటారు. అందుకని ఇంకో మనిషినయ్యాను."

"ఎంతమందివయ్యావు?"

"నలభై ముగ్గురిని. ఒక చర్చి ఫాదర్ కూడా ఉన్నాడు."

ఊరూరా ఎందుకు తిరిగేవాళ్ళో అప్పుడర్థమైంది. ఏ ఊరి టోబీ ఉత్తరానికి ఆ ఊరి ముద్రే పడాలి. డోనట్ల కొట్లే వాళ్ళందరి చిరునామాలు. లైల్ ఆకాశం మీద సంతకం పెట్టి తిప్పి పంపిన కార్డులు కవర్లలో అక్కడికే వచ్చేవి. మరక లేని ఆకాశం ఎందుకు కావాలో కూడా అర్థమైంది. ఇనప పెట్టెలో ఐదొందల పైచిలుకు సంతకాలున్నాయి, చాలావాటితో ఒక చీటీ. "టోబీ, మోకాళ్ళు జాగ్రత్త. ఆపిల్ సాస్ వేసుకుంటాను."

"కార్డు లేకపోతే ఏం తాతా, ఉత్తరం రాయి."

"కార్డు లేకుండా రాస్తే పరామర్శ అవుతుందే. కార్డు పెడితేనే అభిమానం." తాత మిగిలిన ఆ ఒక్క కార్డునూ అటూ ఇటూ తిప్పాడు. "ఇదే ఆఖరిది. వచ్చే వారం నుంచి పోస్ట్‌మాన్ మళ్ళీ చెయ్యి ఊపుతాడు. ఏ వెధవ పుట్టించాడో ఆ కళ్ళ మాట."

కొరీన్ కారు తాళాలు తీసుకుంది.

కొట్లో వెండెల్ ఒక్కడే ఉన్నాడు. కొరీన్ కౌంటరు దగ్గర నిలబడి ఒక్క గుక్కలో చెప్పింది. "కళ్ళు తెరిచిన కార్డు లేదు. నేనే కల్పించాను."

వెండెల్ అద్దాల బీరువా వైపు తిరిగాడు. "నా దగ్గర తొంభై మూడున్నాయి."

"ఎంతకు కొన్నావు?"

"అడక్కు. మా ఆవిడకు కొత్త ఫ్రిజ్ కొంటానని మాటిచ్చాను."

"తిట్టు వెండెల్. తిడితే నాకు బాగుంటుంది."

"తిడతాను, కాస్త కూర్చోనీ." కూర్చున్నాడు. "అయితే ఆయనెందుకు కొంటున్నట్టు?"

ఎవరితోనూ అననని ఒట్టు వేయించుకుని టోబీ సంగతీ, ఫాదర్ సంగతీ, పెన్నుల సంగతీ చెప్పింది. వెండెల్ లేచి బీరువా తెరిచాడు. నలభై డాలర్ల చీటీ ఉన్న తొడుగులోంచి లైల్‌ను బయటికి తీశాడు. ఊపిరి పడకుండా తల తిప్పుకోవడం కూడా మరిచిపోయాడు.

"అడ్రసు చెప్పు. తిట్లు తర్వాత."

మర్నాటికల్లా మిగిలిన తొంభై రెండూ పది సెంట్ల పెట్టెలోకి దిగిపోయాయి. తర్వాతి శనివారం వెండెల్ విచారంగా ముఖం పెట్టి, "మార్కెట్ కూలిపోయిందండీ హుడాక్ గారూ" అన్నాడు.

"నేనెప్పుడో అనుకున్నాను. ఇది పెరిగే కార్డు కాదు వెండెల్. నీకు వ్యాపారం తెలియదు." తాత ఆకాశాలన్నీ చూసి, మరకలున్నవి ఏడు పక్కన పెట్టాడు. "ఇన్ని తీసుకుంటున్నాను, ఏమైనా తగ్గిస్తావా?"

వెండెల్ తగ్గించాడు.

మూడు వారాల తర్వాత వెండెల్ కొరీన్‌ను కొట్టు వెనక గదిలోకి పిలిచి ఒక కవరు ఇచ్చాడు. ఇండియానా రాష్ట్రం, మన్సీ నుంచి వచ్చింది. సంతకం పెట్టిన కార్డుతో పాటు రెండు పేజీల ఉత్తరం.

"వెండెల్ గారికి. మీ ఉత్తరం చూసి ఎంత సంతోషించానో చెప్పలేను. ఎందుకంటే అది వేరే చేతిరాతలో ఉంది. ఆరేళ్ళుగా మీ ప్రాంతం నుంచి ఒకే మనిషి నలభై పేర్లతో నాకు రాస్తున్నాడు. ఫాదరూ ఆయనే, విధవరాలూ ఆయనే. టోబీ అనే కుర్రవాడికి ఆరేళ్ళుగా తొమ్మిదేళ్ళే. ఇంత కష్టపడి రాస్తున్నాడంటే పాపం ఎంత ఒంటరివాడో అనుకుని ఒక్క ఉత్తరానికి కూడా జవాబు ఆలస్యం చేయలేదు. చేతికి కీళ్ళనొప్పులొచ్చినా ఆయన కోసం పెన్ను పడుతున్నాను. మీరు దగ్గర్లో ఉంటే ఆయనెవరో కనుక్కుని, అప్పుడప్పుడూ వెళ్ళి పలకరించండి. నేను చెప్పానని మాత్రం చెప్పకండి. చిన్నబుచ్చుకుంటాడు."

కొరీన్ రెండుసార్లు చదివింది. నవ్వాలో ఏం చేయాలో తెలియక ముక్కు తుడుచుకుంది.

"తాతకు చెబుదామా?"

"లైల్ చెప్పొద్దన్నాడుగా," అన్నాడు వెండెల్. "నేను చర్చికి వెళ్ళేవాణ్ణి."

ఆ ఆదివారం మధ్యాహ్నం వెండెల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, సీసా నిండా వెనిగర్‌లో ఊరబెట్టిన గుడ్లు పట్టుకుని హుడాక్ గారింటికి వచ్చాడు. వరండాలో కూర్చుని వాన గురించి మాట్లాడాడు. మామ్మ వంటేమిటో అడిగాడు. రెండు గంటల తర్వాత వెళ్ళాడు. తర్వాతి ఆదివారం మళ్ళీ వచ్చాడు. ఆ తర్వాతి ఆదివారం కూడా.

మూడోసారి ఆయన కారు సందు తిరిగేదాకా తాత చూస్తూ నిలబడ్డాడు.

"వెర్నా, చూశావా? పెళ్ళామున్నా, వ్యాపారమున్నా మనిషికి మాట్లాడే దిక్కు లేనట్టుంది. లేకపోతే ఈ ముసలాడి దగ్గర కూర్చోవడానికి ఎందుకొస్తాడు?"

"నీకెందుకయ్యా?" అంది మామ్మ గుడ్డు కొరుకుతూ.

తాత వంటింట్లోకి వెళ్ళి బల్ల ముందు కూర్చున్నాడు. సొరుగు లాగి పెన్నులు తీసి, ఏది పనికొస్తుందా అని ఒక్కొక్కటీ గీసి చూశాడు.

"కొరీన్," అని కేకేశాడు. "వెండెల్ కొట్టు డోరు నంబరెంతే?"