ఏ ప్రెసిడెంటు?

న్యూకాసిల్ ఆసుపత్రి క్యాంటీన్ టీవీలో అమెరికా మాజీ ప్రెసిడెంటు కోర్టు మెట్లెక్కుతున్నాడు. నా పక్కనున్న సీనియర్ డాక్టరుగారిది గోదావరి జిల్లా. ఆయన అప్పుడే ఫోన్ పెట్టేసి నిట్టూర్చారు.

"మాజీ ప్రెసిడెంటు మీద ఇంకో కేసు పడిందండీ. ఈసారి ఆయనే గెలుస్తాడు."

నాకు ఒళ్లు మండింది. "ఇన్ని కేసులున్నవాడికి ఓట్లెవరేస్తారండీ?"

"కేసులు పెట్టారనే వేస్తారు. పాపం, పగబట్టి ఇరికించారంటారు జనం."

టీ చల్లారిపోయేదాకా వాదించుకున్నాం. చివరికి ఆయనే ఆగి, "అయినా మా ఊరి పంచాయతీ ప్రెసిడెంటు మీకెలా తెలుసండీ?" అన్నారు.

నేను టీవీ వైపు చూశాను. మేమన్న మాటల్లో అమెరికాకు సరిపోనిది ఒక్కటైనా ఉంటుందేమోనని మొదట్నుంచీ గుర్తుచేసుకున్నాను. ఇప్పటికీ దొరకలేదు.